కుడిమూల ఆకాశం

బస్సు కొండ ఎక్కుతున్నంతసేపూ రూబెన్ హాలమ్ ఒకే మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నాడు. "బాగుందమ్మా." చిన్నపిల్లలు కూడా అనగలిగే మాట. కానీ ప్రతిసారీ అది నాలుక చివర దాకా వచ్చి, ఎవరో పరాయివాడి పళ్ళసెట్టులా అడ్డం తిరిగేది.

"ఏంట్రా, పెదాలు కదుపుతున్నావ్?" అన్నాడు పక్క సీట్లో క్లెమ్. "ప్రార్థనా? నువ్వు చర్చిలో చివరిసారి అడుగుపెట్టింది దాని పైకప్పు కారినప్పుడే కదా."

"మిఠాయి చప్పరిస్తున్నా. నోర్ముయ్."

"మిఠాయి డబ్బా నా ఒళ్ళో ఉంది. మూత కూడా తియ్యలేదు."

క్లెమ్ ఇరవై ఏళ్ళు రూబెన్‌కి కింద నుంచి పైకప్పు పలకరాళ్ళు అందించిన మనిషి. రూబెన్ షెఫీల్డ్‌లో నలభై ఆరేళ్ళు ఇళ్ళ మీద, బడుల మీద, రెండు ఆసుపత్రుల మీద పలకలు పరిచి, నాలుగేళ్ళ కిందట నిచ్చెన దిగాడు. పని మానేసిన ముసలివాళ్ళంతా కలిసి ఏడాదికోసారి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ప్రయాణం ఇది. ఎప్పుడూ సముద్రానికే. ఈసారి కొండల్లో ఊటల ఊరు థార్న్‌వెల్ అన్నది రూబెనే. అతను ఒక సంగతిలో అంత పట్టుబట్టడం ఎవరూ చూడలేదు గనక, ఎదురు చెప్పడానికి ఎవరికీ తోచలేదు.

"సముద్రం వదిలేసి, గోరువెచ్చటి నీళ్ళు తాగే ముసలాళ్ళ ఊరికి తీసుకుపోతున్నావ్," అన్నాడు క్లెమ్.

"నువ్వేమన్నా పెళ్ళికొడుకువా?"

కోటు లోపలి జేబులో కార్డు ఉంది. ఆ ఊళ్ళో ఉండే కూతురు హెస్టర్ రాసింది. 'ఈ ఏడు పెద్ద ఊట దగ్గర పూల చట్రం నా చేతుల మీదుగా తయారవుతోంది. శనివారం దాకా ఉంటుంది. వీలైతే రా.' చివరి రెండు మాటలూ అతను చాలాసార్లు చదివాడు. హెస్టర్ అతన్ని రమ్మని పిలవడం రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

రెండేళ్ళ కిందట, భార్య ఎలెన్ పోయిన శీతాకాలంలో, అతను హెస్టర్ ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాడు. వంటింటి అర ఒకవైపు వాలి ఉందన్నాడు. వెనక తలుపు కింద వేలు పట్టేంత సందుందన్నాడు. వానగొట్టం తప్పు పక్కకి తిప్పారన్నాడు. అన్నీ నిజాలే. మూడో రోజు పొద్దున టీ పోస్తూ హెస్టర్ అడిగింది. "నాన్నా, ఈ ఇంట్లో నీ కంటికి నేను కూడా వంకరగానే కనిపిస్తున్నానా?" అతను అబద్ధం కానిది, ఆమెను నొప్పించనిది, ఒకే వాక్యంలో పట్టేది ఏమిటా అని వెతుకుతూ ఉండిపోయాడు. వెతకడం అయ్యేసరికి బస్సు వేళయింది. ఆ తరువాత క్రిస్మస్‌కి ఒక కార్డు, పుట్టినరోజుకి ఒక కార్డు. లోపల పేరు మాత్రమే.

ఈ రోజు కూడా తన నోట వంక మాటే వస్తే ఇక ఆ కార్డులు కూడా రావని అతనికి తెలుసు. అందుకే ఆ ఒక్క మాట సాధన.

అసలు అతని పనివాళ్ళలో మెచ్చుకోలు మాట ఒకటే ఉండేది. "పర్వాలేదు." అతనికి పని నేర్పిన మేస్త్రీ, ఆసుపత్రి కప్పు పూర్తయిన రోజున, కింద వీధిలో టోపీ వెనక్కి నెట్టి, చాలాసేపు పైకి చూసి ఆ మాట అన్నాడు. వారం రోజులు రూబెన్ కాళ్ళు నేల మీద ఆనలేదు. దానికి పైన మాట లేదు. హెస్టర్ పుట్టినప్పుడు దుప్పటి తొలగించి ఆ ఎర్రటి ముఖాన్ని చూసి అతను అదే అన్నాడు. ఎలెన్ నవ్వింది, ఆమెకు ఆ భాష వచ్చు. ఆ భాష పుట్టుకతో రాదని, పిల్లలకు ఎవరో ఒకరు నేర్పాలని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

థార్న్‌వెల్‌లో బస్సు దిగగానే మిగతావాళ్ళు టీ దుకాణాల వైపు, బెంచీల వైపు చెదిరిపోయారు. రూబెన్ అలవాటు కొద్దీ తల ఎత్తాడు. ఏ ఊళ్ళో దిగినా ఇతరులు ముఖాలు చూస్తారు, అతను కప్పులు చూస్తాడు. వంపు తిరిగిన పాత స్నానశాల మీద పలకలు నూరేళ్ళయినా బారులు చెదరకుండా ఉన్నాయి. వీధి నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో ఒక పియానో, దాన్ని వాయించేవారికి తొందరలేదు. ఊట దగ్గర సింహం తల నోట్లోంచి నీళ్ళు ఒకే లావున పడుతున్నాయి. వంతు ప్రకారం సీసాలు పట్టుకునేవాళ్ళు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ క్షమాపణలు చెప్పుకుంటున్నారు.

దాని వెనకే, ఏటా ఊరివాళ్ళు ఊటకు చేసే అలంకారం, ఆ పూల చట్రం నిలబెట్టి ఉంది.

ఇద్దరు మనుషులంత ఎత్తు. ఉప్పు కలిపి తొక్కిన తడి బంకమట్టిని చెక్కచట్రంలో పరిచి, దాని మీద పూరెక్కలూ ఆకులూ గింజలూ ఒక్కొక్కటే వేలితో నొక్కి అతికించిన బొమ్మ. మొలిచింది తప్ప మరేదీ వాడకూడదని నియమం. బొమ్మలో ఒక స్త్రీ ఊట దగ్గర వంగి ఎవరికో గ్లాసు అందిస్తోంది. అందుకునేవాడి చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఆమె వెనక ఊరు, ఊరి మీద కప్పులు, వాటి మీద నీలం పూరెక్కల ఆకాశం.

రూబెన్ స్త్రీని చూడలేదు. కప్పుల దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

కప్పులు ముదురాకుపచ్చ ఆకు ముక్కలతో వేసినవి, ఒక్కొక్కటి గోరంత. కింది అంచు నుంచి పైకి వెళ్ళాయి. ప్రతి వరసా కింది వరసను సగానికి పైగా కప్పింది. రెండు ముక్కలు కలిసే చోట సరిగ్గా నడుమకు వచ్చేట్టు మూడోది కూర్చుంది. అతుకు మీద అతుకు ఎక్కడా లేదు. ఆకాశం కూడా అంతే, పూరెక్క మీద పూరెక్క, వాన పడితే నీరు ఒకదాని మీంచి మరొకదాని మీదికి జారిపోయేట్టు. ఈ ఊళ్ళో అందరూ కింది నుంచి పైకే అతికిస్తారని అతను విన్నాడు. కానీ ఇలా సగం దాటేట్టు కప్పడం, అతుకు మీద అతుకు పడనివ్వకపోవడం, ఇవి ఊరివి కావు. ఇవి అతనివి.

అతను హెస్టర్‌కు నేర్పలేదు. చిన్నప్పుడు శనివారాలు అతను పనిచేసే ఇంటి ఎదురు గోడ మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ చూసేది. యాపిల్ తినడానికే వస్తోందనుకున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు క్లెమ్. "ముఖం అలా పెట్టావ్?"

"ఏం లేదు. పుప్పొడి కళ్ళలో పడింది."

"ఓహో. రెండు కళ్ళలోనూ పడిందే."

లోపల ఏదో ఉబుకుతోంది. దాన్ని గర్వమని గుర్తించడానికి అతనికి కొంత సమయం పట్టింది. తన పని మీద కలిగేది అతనికి బాగా తెలుసు, అది భుజాల్లో నిటారుగా నిలుస్తుంది. ఇది మోకాళ్ళలోకి దిగింది. "బాగుందమ్మా," అని మరోసారి అనుకుని చూశాడు. ఈసారి నోట్లో సరిగ్గా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కుడివైపు పై మూల కంటపడింది.

జానెడు వెడల్పు, రెండు జానల పొడవు ఆకాశం. అక్కడ పూరెక్కలు తలకిందులుగా ఉన్నాయి. పై రెక్క అంచు కింది రెక్క లోపలికి దూరింది. వాన పడితే ప్రతి రెక్కా ఒక చిన్న దొప్ప అవుతుంది. నీరు మట్టి వెనక్కి చేరి, ఆ ముక్క మొత్తం కప్పుల మీదికి జారుతుంది. ఇంకా ఎవరూ గమనించినట్టు లేదు. చూడకుండా ఉండడం ఎలాగో అతనికి మాత్రం తెలియదు. పడమట కొండ మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. వాన దిగడానికి గంట, మహా అయితే గంటన్నర.

"నాన్నా."

హెస్టర్. చేతులకు ఇంకా మట్టి. జుట్టులో ఒక నీలం రెక్క చిక్కుకుని ఉంది, ఆమెకు తెలియదు. ముప్పై తొమ్మిదేళ్ళ ముఖంలో కళ్ళ కింద నిద్రలేని నీడ.

"వచ్చావే," అంది.

"బస్సు వస్తుంటే ఎక్కాను."

"వీడి మాట నమ్మకమ్మా," అన్నాడు క్లెమ్. "ముప్పై మంది ముసలాళ్ళకి సముద్రం లేకుండా చేశాడు నీ కోసం."

హెస్టర్ నవ్వింది. తరువాత తండ్రి వైపు తిరిగి ఏమీ అడగకుండా నిలబడింది. ఆ నిలబడడం అతనికి గుర్తే. పదకొండేళ్ళ వయసులో బడి నుంచి తెచ్చిన బొమ్మను బల్ల మీద పెట్టి ఇలాగే నిలబడేది.

అతను నోరు తెరిచాడు. బయటికి వచ్చింది ఇది. "పైన. కుడి మూల."

అన్నాక తన గొంతు తనకే వినిపించింది. క్లెమ్ నేల వైపు చూశాడు.

హెస్టర్ ముఖం వాడిపోతుందని అతను ఎదురుచూశాడు. వాడలేదు. "తెలుసు," అంది.

"తెలిసీ..."

"నిన్న సాయంత్రం నిలబెట్టాకే చూశాను. అది మిస్ లోమస్ వేసింది." ఆమె గొంతు తగ్గించి, ఊట పక్కన చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలామె వైపు కళ్ళతో చూపించింది. "స్నానశాలలో పనిచేసేది. యాభై రెండేళ్ళుగా ఆకాశంలో ఆ మూల ఆమెదే. చట్రాన్ని పడుకోబెట్టి కదా చేస్తాం. ఎప్పుడూ ఆ మూలకి కింది వైపు, చట్రం పక్కన కూర్చునేది. ఈ ఏడు కుర్చీ అటు పట్టలేదు. పై వైపు కూర్చోబెట్టాం. ఆమె ఎప్పట్లాగే తన ఒడి దగ్గర్నుంచి మొదలుపెట్టింది, అంటే పై అంచు నుంచి కిందికి."

రూబెన్‌కు అర్థమైంది. ఆమె చేతులు తప్పు చేయలేదు. కుర్చీ తప్పు చేసింది.

"పావుగంట పని," అన్నాడు. "నిచ్చెన అక్కడే ఉంది. ఊడదీసి మళ్ళీ వేస్తే..."

"వేయొచ్చు. రాత్రి ఆమె ఇంటికి పోయాక వేయొచ్చని మా వాళ్ళు కూడా అన్నారు. పొద్దున వచ్చి చూసుకుంటుంది కదా నాన్నా. తను వేసింది కాదని తెలిసిపోతుంది."

"తొంభై ఏళ్ళ కళ్ళకి ఏం కనిపిస్తుంది!"

"తన చేతి పని ఎవరికైనా తెలిసిపోతుంది." హెస్టర్ తండ్రి వైపు తిరిగింది. "నాకు మొదటిరోజే తెలిసింది. కోళ్ళగూడు."

ఊట నీళ్ళ చప్పుడు ఉన్నట్టుండి పెద్దదయినట్టు అనిపించింది. కోళ్ళగూడు. పెరట్లో, మిగిలిపోయిన, విరిగిన పలకలతో చిన్నప్పటి హెస్టర్ వేసవి సెలవుల్లో ఒంటరిగా కప్పు వేసింది. మూడు వరసలు. అతను ఆమె బడికి వెళ్ళిన రోజున మొత్తం విప్పి, అవే పలకలతో, అదే వరసలో, సరిగ్గా మళ్ళీ వేశాడు. ఆమెకు చెప్పలేదు. ఎలెన్‌కూ చెప్పలేదు. పిల్ల కష్టం వానకు పాడవకూడదని అనుకున్నాడు. జీవితంలో తాను చేసిన ప్రేమగల పనుల్లో దాన్ని ఒకటిగా లెక్కేసుకున్నాడు. ఆ తరువాత ఆమె గోడ మీద కూర్చోవడానికి రాలేదు. పెద్దదవుతోంది అనుకున్నాడు.

"ఎలా తెలిసింది?" అన్నాడు.

"నా మేకులు వంకరగా ఉండేవి. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే తిన్నగా ఉన్నాయి."

నింద లేదు ఆ మాటలో. అది ఉంటే అతను తట్టుకునేవాడు. ఆమె చేతుల మట్టిని దులుపుకుంటూ, "నాలుగు రెక్కలు జారితే జారతాయి," అంది. "పోనీ."

మొదటి చినుకు స్నానశాల మెట్టు మీద పడింది. అనుకున్నదానికంటే ముందే.

జనం గొడుగులు విప్పుతున్నారు. రూబెన్ చక్రాల కుర్చీ దగ్గరికి నడిచాడు. తాను ఏం చేయబోతున్నాడో అతనికి పూర్తిగా తెలియదు. కాళ్ళకు తెలిసినట్టుంది. టోపీ తీశాడు.

"అమ్మా, నేను హెస్టర్ తండ్రిని. షెఫీల్డ్‌లో కప్పులు వేసేవాణ్ణి."

మిస్ లోమస్ అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. "ఓహో. అన్నీ సగం మీద సగం కప్పాలని ప్రాణం తీసింది మీ అమ్మాయి. ఆ రోగం నీ దగ్గర్నుంచి అంటిందా?"

"అవునమ్మా."

"యాభై రెండేళ్ళు లేనిది ఇప్పుడు నాకు నేర్పింది. బొడ్డూడని పిల్ల."

"ఆ కుడిమూల ఆకాశం మీదేనట."

"నాదే. ఏం? వంక పెట్టడానికొచ్చావా?"

హెస్టర్ వెనకే వచ్చి నిలబడిందని అతనికి తెలుసు. ఊపిరి బిగబట్టిందని కూడా. అతను తల ఎత్తి ఆ మూలను చూశాడు. తలకిందులు రెక్కలు. తన పనిలో అలాంటి వరస చూస్తే ఎవరినైనా నిచ్చెన దింపేసేవాడు. తెలిసి తెలిసి పని గురించి అబద్ధం చెప్పడం అతని జీవితంలో అంతవరకూ జరగలేదు.

"పర్వాలేదు," అన్నాడు.

మిస్ లోమస్ గడ్డం ఎత్తింది. ఆమె కొండప్రాంతపు మనిషి, ఆ భాష ఆమెకూ వచ్చు. దుప్పటి మీద ముడుచుకున్న వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి.

"కానీ వాన అడ్డంగా వస్తోందమ్మా," అన్నాడు రూబెన్. "మీరు ఒప్పుకుంటే దాని మీద గొడుగు పడతాను. ముట్టుకోను."

"అడిగావు కాబట్టి పట్టుకో," అంది ఆమె. "ముట్టుకున్నావో, చూస్తుంటాను."

క్లెమ్ చేతిలో గొడుగు లాక్కుని అతను నిచ్చెన చట్రం పక్కకి జరిపాడు. ఎలెన్‌కు ఇచ్చిన మాట ప్రకారం నాలుగేళ్ళుగా మెట్లపీట తప్ప ఎక్కలేదు. మొదటి మెట్టు మీద పాదం పెట్టగానే మడమ పాత అలవాటుతో తనంతట తాను లోపలికి తిరిగింది.

"ఒరేయ్ దిగరా!" అని అరిచాడు క్లెమ్. "డెబ్భై ఏళ్ళొచ్చాయి, కాలు విరగ్గొట్టుకుంటావా? పైగా అది నా గొడుగు!"

"అరవై తొమ్మిది. కింద పట్టుకో, ఊగుతోంది."

తిట్టుకుంటూనే క్లెమ్ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు పట్టుకున్నట్టే, ఎడమ కాలు ముందుకు పెట్టి.

వాన దబదబా దిగింది. రూబెన్ ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో గొడుగును ఆ మూల మీదికి చాపాడు. తను తడిశాడు. మెడలోంచి నీళ్ళు వీపు మీదికి పాకాయి. అంత దగ్గర్నుంచి మిస్ లోమస్ రెక్కలు చూశాడు. ప్రతి రెక్కా వణికిన వేలి గుర్తుతో సహా అతికి ఉంది. తప్పు దిక్కున, కానీ ఎంత ఒత్తుగా, ఎంత ఓపికగా.

గొడుగు లేని చోట వాన నేరుగా హెస్టర్ చట్రం మీద పడింది. అతను పక్కకి వంగి చూశాడు. ఆకాశం మీద పడ్డ నీరు రెక్క నుంచి రెక్కకు దిగి, కప్పుల మీదికి వచ్చి, వరస దాటి వరస జారి, స్త్రీ భుజం మీంచి, గ్లాసు పట్టిన చేతి మీంచి, చట్రం కింది అంచున బొట్లు బొట్లుగా రాలింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు. నలభై ఆరేళ్ళు అతను కప్పుల కింద పొడిగా ఉండే మనుషుల కోసం పని చేశాడు. నీరు ఓడిపోయి వెళ్ళడాన్ని ఇంత దగ్గరగా నిలబడి చూడడం ఇదే మొదలు.

కింద సీసాతో ఆగిన ఒకావిడ పైకి చూసి అడిగింది. "ఏమండీ, ఇది చేసింది ఎవరో తెలుసా?"

"నా కూతురు," అన్నాడు రూబెన్. వాన హోరులో ఆమెకు వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా అన్నాడు. "నా కూతురు!" టీ దుకాణం కిటికీలోంచి షెఫీల్డ్ ముసలాళ్ళు ముఖాలు బయటికి పెట్టారు.

అరగంటకు వాన తగ్గింది. అతను దిగి గొడుగు క్లెమ్ చేతిలో పెట్టాడు. మిస్ లోమస్ తన మూలను పరీక్షగా చూసి, "ముట్టుకోలేదు," అని అందరికీ వినపడేట్టు ప్రకటించింది.

ఐదింటికి బస్సు. హెస్టర్ ఒక తువ్వాలు, ఊట నీళ్ళు నింపిన సీసా తెచ్చి ఇచ్చింది. సీసా చేతిలో గోరువెచ్చగా ఉంది. డ్రైవరు ఇంజను వేశాడు.

"అయితే," అంది హెస్టర్, నవ్వు దాచుకుంటూ. "మిస్ లోమస్‌కి 'పర్వాలేదు' వచ్చింది. మరి నాకేం మిగిలింది?"

అతను బస్సు మెట్టు మీద ఆగాడు. పొద్దుటి నుంచి దాచుకున్న మాట ఇప్పుడు చాలా చిన్నదిగా కనిపించింది. మేస్త్రీ మాటను ఇందాకే ఖర్చు పెట్టేశాడు. దాని పైన ఏముంటుందో ఎవరూ అతనికి నేర్పలేదు. చెయ్యి చాచి ఆమె జుట్టులోని నీలం రెక్కను తీశాడు.

"నేనైతే అంత బాగా వేయలేను," అన్నాడు.

హెస్టర్ కదల్లేదు. "ఏదీ, మళ్ళీ అను."

"ఒకసారి అన్నాను. విన్నావుగా."

"అంకుల్ క్లెమ్, నువ్వు విన్నావా?"

"విన్నాను తల్లీ," అన్నాడు క్లెమ్ కిటికీలోంచి. "వీడికి జ్వరం వచ్చింది. ఇంటికెళ్ళి డాక్టరుకి చూపిస్తా."

"వచ్చే నెల వస్తావా నాన్నా?" అంది హెస్టర్. "ఆ అర ఇంకా వాలే ఉంది."

"వస్తాను. నువ్వు బాగు చేస్తే పక్కన పట్టుకుంటాను."

బస్సు కొండ దిగుతుంటే రూబెన్ తడిసిన కోటులో కూర్చుని, వేళ్ళ మధ్య ఆ రెక్కను పట్టుకున్నాడు. కప్పుల వైపు చూడలేదు. పెరటి కొట్టులో, కిటికీ కింద, తుప్పు పట్టిన ఒక డబ్బా ఉంది. అతను ఎన్నడూ మేకు పారేయలేదు. కోళ్ళగూటి మీంచి పీకిన ఆ వంకర మేకులు దాని అడుగున ఎక్కడో ఉండి ఉంటాయి. వెళ్ళగానే వెతికి, వచ్చే నెల హెస్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

"మళ్ళీ పెదాలు కదుపుతున్నావ్," అన్నాడు క్లెమ్.

"మిఠాయి ఇటివ్వు," అన్నాడు రూబెన్.